గుట్టకు బొట్టు పెట్టిన జయమ్మ

"మీదే ఊరు?" అని ఎవరైనా అడిగితే జయమ్మ చాలా ఏళ్లపాటు నవ్వి ఊరుకునేది. వడ్డెర వాళ్లకు రాయి ఉన్నచోటే ఊరు. గుట్ట ఉన్నన్నాళ్లు గుడిసె, గుట్ట కరిగిపోతే లారీ. పాలమూరు జిల్లాలో ఒక గుట్ట పక్కన పుట్టింది, ఇంకో గుట్ట పక్కన పెళ్లయింది, మూడో గుట్ట పక్కన మొగుణ్ణి పోగొట్టుకుంది. ఆ మూడింటిలో ఇప్పుడు ఒక్క గుట్టా లేదు. మనకు పుట్టిన ఊరు చూడాలనిపిస్తే బస్సెక్కుతాం. జయమ్మ ఎక్కినా, అక్కడ దిగి చూసుకోవడానికి నీళ్లు నిలిచిన పెద్ద గుంత ఒక్కటే ఉంది.

అలాంటి జయమ్మకు చివరికి ఒక ఊరు దొరికింది. పేరు గుండ్లకుంట. లింగంపల్లి స్టేషన్లో దిగి, మాదాపూర్ వైపు కొంత దూరం వచ్చి, పక్కనున్న మట్టిబాట పట్టి ఓపిక ఉన్నంతసేపు నడిస్తే వస్తుంది. ఓపిక లేనివాళ్లు రారు, అందుకే చాలాకాలం ఆ ఊరు బాగుంది. ఊరి వెనక గుట్ట. గుండు మీద గుండు, దాని మీద ఇంకో గుండు, పిల్లలు పేర్చి ఆట మధ్యలో అన్నానికి వెళ్లిపోయినట్టు ఉంటుంది. దాని మీద కురిసిన వాన కింద కుంటలోకి దిగుతుంది. కుంట నిండితే బావులు నిండుతాయి. గుండ్ల సందుల్లో సీతాఫలం చెట్లు. కాయల కాలంలో ఊరి ఆడవాళ్లు గంపలెత్తుకొని లింగంపల్లి స్టేషన్ ముందు కూర్చుంటారు.

జయమ్మ, తమ్ముడు తిప్పన్నతోనూ మరి కొన్ని వడ్డెర కుటుంబాలతోనూ వచ్చి గుట్ట వెనకవైపు గుడిసె వేసుకుంది. అంతా చేతిపని. సమ్మెట, ఉలి, గడ్డపార. పునాదులకు రాయి, అరుగులకు బండ. వాళ్లు ఎంత కొట్టినా గుట్టకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

ఊరు మంచిది. ఇళ్ల స్థలాలు పంచినప్పుడు సర్పంచి కిష్టయ్య ఈమె పేరూ రాయించాడు. రేషన్ కార్డు వచ్చింది. జయమ్మకు బియ్యం మీద కన్నా కార్డు మీదే మమకారం ఎక్కువ. తర్వాత పంచాయతీ ఎన్నికల్లో ఆమె ఉన్న వార్డు బీసీ ఆడవాళ్లకు కేటాయించారు. నిలబడదామని ఒకరిద్దరికి ఉబలాటంగానే ఉంది గానీ, వాళ్ల అత్తలు పడనివ్వలేదు. జయమ్మకు అత్త లేదు. పోటీ లేకుండా గెలిచింది. "గుండ్లకుంట జయమ్మ, వార్డు మెంబరు" అని సభలో పేరు చదివినప్పుడు ఆమె ఒళ్లు పులకరించింది. పేరు ముందు ఊరి పేరు రావడం వాళ్ల వంశంలో అదే మొదలు. ఇక ఈ ఊరు విడిచిపోయే గతి తనకు పట్టకూడదని ఆ రోజే మొక్కుకుంది. ఆమెకున్న కోరిక అదొక్కటే.

ఇప్పుడు కిష్టయ్య సంగతి చెప్పాలి. గుండ్లకుంట పంచాయతీ అంటే ఒక గది, రెండు బెంచీలు, ఊరంతా వెలగని వీధిదీపాలు. సర్పంచి అయినప్పటి నుంచి ఎవరు ఎదురుపడ్డా ఆయన్ని బల్బు గురించే అడిగేవారు. పైగా ఆ ఏడే మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ లేచింది. పొద్దుగూకితే చాలు అది ధగధగా మెరిసేది. గుండ్లకుంట జనం చీకట్లో అరుగుల మీద కూర్చుని దాన్ని చూసి ముచ్చటపడేవారు. కిష్టయ్యకు మాత్రం కడుపు మండిపోయేది.

ఆ మంట మీద నీళ్లు చల్లడానికన్నట్టు రామబ్రహ్మం అనే కాంట్రాక్టరు తెల్ల మారుతి వ్యానులో దిగాడు. భీమవరం వైపు మనిషి. మర్యాద అంటే ఆయన దగ్గరే నేర్చుకోవాలి. దారిలో అడ్డమొచ్చిన మేకను కూడా "జరగండి" అనేవాడు.

"సర్పంచిగారూ, ఆ గుట్ట ఊరికే పడుందండి. మీరు పంచాయతీలో తీర్మానం చేసివ్వండి, పై అనుమతులు నేను తెచ్చుకుంటానండి. కంకర క్రషర్ పెడతానండి. అక్కడ మేడలకీ రోడ్లకీ ఎంత కంకరైనా చాలట్లేదండి. మీ ఊరికి తారురోడ్డు వేయిస్తానండి, వీధిదీపాలు పెట్టిస్తానండి, పంచాయతీకి పక్కా బిల్డింగు కట్టిస్తానండి. శిలాఫలకం మీద మీ పేరేనండి" అన్నాడు.

కిష్టయ్య చెడ్డవాడు కాడు. తారురోడ్డు మాటకు సగం కరిగాడు. శిలాఫలకం మాటకు మిగతా సగం కరిగాడు. వ్యాను ఊరు దాటకముందే జయమ్మ గుడిసెకు పరుగెత్తాడు.

"జయమ్మా, నీ పంట పండింది పో! క్రషర్ ఒస్తున్నది. మీ వడ్డెరోళ్లకు ఇగ పనే పని. మీ తిప్పన్నను మేస్త్రీగ పెట్టుకుంటనన్నడు ఆయిన!"

జయమ్మ చేతిలో సమ్మెట చేతిలోనే ఉండిపోయింది. క్రషర్ ఏమిటో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు. మూడో గుట్టను మింగింది అదే, మొగుడి రొమ్ములో దుమ్ము నింపిందీ అదే. చేత్తో కొడితే మనవల కాలం దాకా తరగని గుట్టను అది కొద్ది ఏళ్లలో నమిలి ఊస్తుంది. ఆ తర్వాత మళ్లీ లారీ. మళ్లీ ఎవరిదో ఊరు.

పంచాయతీ సమావేశంలో ఆమె నోరు తెరిచింది. "ఒద్దు సర్పంచి సాబ్. గుట్ట పోతే కుంటలకు నీళ్లేడికెళ్లి ఒస్తయి? ఆడోళ్ల సీతాఫలాలేమైతయి? రోడ్డుకోసమని గుట్టనిస్తమా?"

కిష్టయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. "ఏందే జయమ్మా, పొద్దున లేస్తే గుట్ట పగలగొట్టేది నువ్వు. పగలగొట్టద్దనేటిది గూడ నువ్వేనా?"

గది గదంతా ఘొల్లుమంది. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుందని ఒక మెంబరు అన్నాడు. జయమ్మకు కూడా నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. ఆ మాటలో అబద్ధమేముంది కనుక? ఏ నోటితో కాదనడం? తలవంచుకుని ఇంటికొచ్చింది. గ్రామసభ పెట్టి ఊరందరి ముందూ తీర్మానం చేద్దామని మిగతావాళ్లు నిర్ణయించారు.

బాధ ఎంతున్నా పొయ్యి వెలగాలి కదా. లింగంపల్లిలో ఒకాయన పునాదికి రాయి అడిగాడు. బండి సులువుగా వస్తుందని జయమ్మ మొట్టమొదటిసారి గుట్టకు ముందువైపు, ఊరికి ఎదురుగా ఉన్న గుండును ఎంచుకుంది. కొత్త గుండు మీద ఉలి వేయాలంటే వాళ్లలో ఒక పద్ధతి ఉంది. ముందురోజు సాయంత్రం ఆ గుండుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి, ఊదుబత్తి వెలిగిస్తారు. "కడుపుకోసం కొడుతున్న తల్లీ, కోపం చెయ్యకు" అని మొక్కి వచ్చేస్తారు. తెల్లవారాకే మొదటి దెబ్బ. రాతి కింద ఉన్న తేళ్లూ జెర్రులూ బల్లులూ ఆలోగా ఇల్లు ఖాళీ చేసుకుంటాయని పెద్దలు పెట్టిన గడువది. మనుషుల గుడిసెలు పీకేవాళ్లు ఆ మాత్రం గడువు కూడా ఇవ్వరు.

జయమ్మ పద్ధతి ప్రకారం అన్నీ చేసి ఇంటికొచ్చింది. తెల్లవారేసరికి ఒళ్లు కాలిపోతూ చలిజ్వరం. ఊళ్లో నర్సు కృపమ్మ, గుంటూరు మనిషి, మాత్రలు మింగించి, "మంచం దిగావంటే చూడు!" అని బెదిరించి వెళ్లింది. జయమ్మ మంచానికి అతుక్కుపోయింది.

ఈలోగా సీతాఫలాలకు పోయిన ఒక ముసలమ్మ ఆ గుండును చూసింది. నిన్న లేని పసుపు, నిన్న లేని బొట్టు! వెనకవైపు వడ్డెర వాళ్లు ఏం చేస్తారో ఊళ్లో ఎవరూ పోయి చూసింది లేదు. ముసలమ్మ గంప అక్కడే పారేసి, "మైసమ్మ ఎలిసింది! మైసమ్మ ఎలిసింది!" అని అరుచుకుంటూ ఊళ్లోకి ఉరికింది. సాయంత్రానికి కొబ్బరికాయలు. మర్నాటికి వేపకొమ్మలు, ఎర్రజెండా. ఆదివారానికి డప్పులు, బోనాలు. మేడల పనికి ఇసుక తోలే లారీల డ్రైవర్లు కూడా దారి మళ్లి వచ్చి మొక్కిపోవడం మొదలుపెట్టారు.

జ్వరం తగ్గిన రోజు జయమ్మ, ఇన్నాళ్లూ పని ఆగిందే అని నొచ్చుకుంటూ, సమ్మెట భుజాన వేసుకుని బయల్దేరింది. చూస్తే ఆమె కొట్టాల్సిన గుండు ముందు పెద్ద వరస! అన్నిటికన్నా ముందు కిష్టయ్య, పట్టుపంచె కట్టుకుని కొబ్బరికాయ కొడుతున్నాడు. వరసలో ఒకామె వెనక్కి తిరిగి, "అక్కా, నడిమిట్ల జొరబడకు, లైన్ల రా" అంది. జయమ్మ సమ్మెటను మెల్లగా పొదలో దాచి, వరసలో నిలబడి, ఇచ్చిన కొబ్బరిముక్క కళ్లకద్దుకుని తిని, సరాసరి కృపమ్మ దగ్గరికి పోయింది.

సంగతంతా విని కృపమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వడం అయ్యాక గొంతు తగ్గించి, "నోరు మూసుకుని ఊరుకో జయమ్మా. నేను చర్చికెళ్లేదాన్ని, నాకు ఆ లెక్కలు తెలీవు గానీ, గుళ్లో దేవతని పగలగొట్టి కంకర చేస్తామంటే ఏ ఊరు ఒప్పుకుంటుంది? నీ గుట్ట దానంతటదే మిగులుతుంది" అంది.

"అట్లెట్ల నర్సమ్మా?" జయమ్మ ముఖం వెలవెలబోయింది. "లేని మైసమ్మను ఉన్నదంటే, ఉన్న మైసమ్మ ఊకుంటదా?"

దానికి కృపమ్మ దగ్గర మాత్ర లేదు. జయమ్మ భయపడుతూనే నోరు మూసుకుంది. గుట్ట మిగిలితే చాలనుకుంది. కానీ రామబ్రహ్మాన్ని ఇద్దరూ తక్కువ అంచనా వేశారు. ఆయన వ్యాను దిగి, చెప్పులు విడిచి, అమ్మవారికి సాష్టాంగపడి లేచి, "సర్పంచిగారూ, తల్లికి ఎండలో ఈ అవస్థేమిటండీ? రోడ్డు పక్కన టైల్సు వేసి గుడి కట్టిస్తానండి. ఈ ఒక్క గుండునీ క్రేనుతో భద్రంగా దించి అక్కడ ప్రతిష్ఠిద్దామండి. మిగతా గుట్ట సంగతి మన ఒప్పందం ప్రకారమేనండి" అన్నాడు.

ఊరు ఉప్పొంగిపోయింది. రోడ్డు, దీపాలు, పైన గుడి కూడా! తేరగా వస్తుంటే అమ్మవారు మాత్రం కాదంటుందా? జయమ్మ ఆ మాట విని చతికిలపడింది. అబద్ధం మోసినందుకు బరువే మిగిలింది, కూలి రాలేదు.

గ్రామసభ బడి ముందు జరిగింది. కార్యదర్శి తీర్మానం చదివాడు. ముందు వరసలో కుర్చీలో రామబ్రహ్మం. వెనక గోడకు ఆనుకుని తిప్పన్న, అతని వెంట వడ్డెర మగవాళ్లు. క్రషర్ వస్తే గుట్ట మీద రంధ్రాలు తొలిచి పేలుడుమందు కూరే పని వాళ్లదే. కిష్టయ్య గొంతు సవరించుకుని, "ఎవరన్న కాదనేటోళ్లున్నరా?" అన్నాడు, లేరనే నమ్మకంతో.

జయమ్మ లేచింది.

"సర్పంచి సాబ్, ఆ గుండుకు బొట్టు పెట్టింది మైసమ్మ కాదు. నేను పెట్టిన."

జయమ్మ అంతా చెప్పింది. లింగంపల్లి పునాది, ముందురోజు బొట్టు, తేళ్ల గడువు, చలిజ్వరం, పొదలో దాచిన సమ్మెట. మైసమ్మ వెలిసిందని అరిచిన ముసలమ్మ నోరు తెరిచి మూయలేదు. పట్టుపంచె గుర్తొచ్చి కిష్టయ్య ముఖం కందగడ్డయింది.

"మరి గిన్ని దినాలు ఊకె ఎందుకున్నవే?" అని గద్దించాడు.

"ముందు జరమొచ్చింది సాబ్. ఆ ఎన్క భయమొచ్చింది."

ఎక్కడో ఒక నవ్వు పుట్టింది. సభంతా అంటుకుంది. తిట్టేవాళ్లు తిడుతూనే నవ్వారు. రామబ్రహ్మం కూడా నవ్వి, "మంచి పనే అయిందండి, క్రేను ఖర్చు తప్పింది" అన్నాడు.

"ఇంకో ముచ్చటున్నదయ్యా," అంది జయమ్మ ఆయన వైపు తిరిగి. "మా వడ్డెరోళ్లల్ల ఒకలు బొట్టు పెట్టిన గుండును ఇంకొకలు ముట్టరు. అది మా కట్టు. రేపు గుట్ట మీద ఉన్న ప్రతి గుండుకూ నేను బొట్టు పెడ్త."

"పెట్టుకోండమ్మా. మిషన్‌కి బొట్లూ కాటుకలూ తెలీవండి."

"మిషను గుట్ట ఎక్కదు గదయ్యా. మనిషెక్కాలె."

అప్పుడు అందరి తలలూ గోడ వైపు తిరిగాయి. తిప్పన్న తల గోక్కున్నాడు. మేస్త్రీ పని, నెల జీతం, ఇంటికి ఫ్యాను కొంటానని పెళ్లానికి ఇచ్చిన మాట, అన్నీ అతని ముఖంలో కనపడ్డాయి. అక్కను కోపంగా చూశాడు. తర్వాత నేల చూశాడు.

"అక్క బొట్టు పెట్టిన రాయి మీద నేను చెయ్యెయ్యను సేటూ. నావోళ్లు గూడ ఎయ్యరు. ఏ జిల్లా నుంచి తెచ్చుకున్నా సరే, వడ్డెరోడైతే ఎయ్యడు."

రామబ్రహ్మం ముఖంలో మొదటిసారి మర్యాద కొంచెం తగ్గింది. కానీ ఆయన వ్యాపారి. పేచీ ఉన్న గుట్ట కన్నా పేచీ లేని గుట్ట నయమని, ఆ చుట్టుపక్కల గుట్టలకేం కొదవని ఆయనకు తెలుసు. లేచి, అందరికీ నమస్కారం పెట్టి, వ్యానెక్కాడు.

కథ ఇక్కడితో అయిపోతే జయమ్మకు పూలదండ పడేది. కిష్టయ్య అంత తేలిగ్గా వదిలేరకం కాడు. రోడ్డు పోయింది, దీపాలు పోయాయి, శిలాఫలకం పోయింది.

"శబ్బాష్ జయమ్మా! గుట్టంత నీ బొట్టే అయినంక, ఇగ గుట్టంత నీదే గదా? ఊరికి రోడ్డు లేకుండ జేసి, నువ్వొక్కదానివే కొట్టుకుంట బతుకుదమనా?"

సభ గుసగుసలాడింది. కొన్ని ముఖాలు మాడిపోయాయి. జయమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈ ప్రశ్న వస్తుందని ఆమెకు ముందే తెలుసు. దీనికి జవాబు చెప్పగలనా లేదా అన్నదే లేచేముందు ఆమె పడ్డ నలుగుబాటంతా.

"నేను గూడ కొట్టను," అంది. "బొట్టు పెట్టి, ఉలి ఎయ్యకుండ ఇడిస్తే, ఇగ ఆ చేత్తోని ఆ గుట్టను ముట్టద్దు. అదీ మా కట్టే. రాసుకో సాబ్ తీర్మానం. ఎవ్వలు గూడ గుట్టను కొట్టద్దని రాయి. జయమ్మతోని సహా అని రాయి."

కిష్టయ్య ఆమె దగ్గరికి వచ్చాడు. "మరేం తింటవే?" అని అడిగాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"ఊరుంటే ఏదో ఒకటి తింట."

ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమన్నాడు కార్యదర్శి. అందరికన్నా ముందు లేచింది జయమ్మ చెయ్యే. తర్వాత సీతాఫలాలమ్మే ఆడవాళ్లవి, తర్వాత కుంట కింద రైతులవి. చివరికి చిరాగ్గా కిష్టయ్యది.

మర్నాడు జయమ్మ పసుపు గిన్నెతో గుట్టెక్కుతుంటే వెనక నలుగురైదుగురు ఆడవాళ్లు కలిశారు. మధ్యాహ్నానికి ఊరిలో సగం మంది ఆడవాళ్లు అక్కడే ఉన్నారు. అందని గుండ్లకు ఒకరి భుజాల మీద ఒకరెక్కి పెట్టారు. ఊళ్లో దుకాణంలో పసుపు అయిపోతే లింగంపల్లి నుంచి తెప్పించారు. కృపమ్మ కొంగు బిగించి, "నేను బొట్టు పెట్టను గానీ గిన్నె పట్టుకుంటా" అని వెంట తిరిగింది. మొదటి గుండుకు బోనాలు మాత్రం ఆగలేదు. అది నేను పెట్టిన బొట్టే కదమ్మా అని జయమ్మ చెప్పబోతే, ఆ ముసలమ్మే ఆమె నోరు మూయించింది. "నువ్వు పెట్టినవో, ఆమె నీతోని పెట్టించుకున్నదో, నీకేమెరుక? పక్కకు జరుగు!"

అంతా శుభమే అని చెప్పను. ఆ వానాకాలం మట్టిబాట బురదగుంట అయింది. సైకిలు దిగబడ్డ ప్రతివాడూ జయమ్మనే తిట్టుకున్నాడు, ఆమె వినేలాగే తిట్టుకున్నాడు. సర్కారు జన్మభూమి పనుల్లో కుంట కట్టకు రాళ్లు పేర్చే కూలిపనిని కిష్టయ్య ఆమెకే అప్పగించాడు. అది అయ్యాక కొత్త కాలనీల్లో ప్రహరీ గోడలు కట్టడానికి పోయింది. అక్కడికి లారీల్లో వచ్చే రాయి ఏ గుట్టదో, ఎవరి ఊరిదో ఆమె అడగలేదు. అడిగితే చెయ్యి ఆడదు.

తిప్పన్నకూ అతని వాళ్లకూ మాత్రం గుండ్లకుంటలో పని లేకుండా పోయింది. కొన్నాళ్లు అక్కతో మాట్లాడలేదు. జీడిమెట్ల అవతల ఎక్కడో గుట్ట చూసుకున్నామని, వెళ్లిపోతున్నామని చివరికి కబురు చెప్పాడు.

లారీ వచ్చిన రోజు పొద్దున్నే జయమ్మ జొన్నరొట్టెలు చేసి, పచ్చిమిరపకాయ పచ్చడి నూరి మూట కట్టింది. మంచాలు, బిందెలు, కోళ్ల గంపలు, సమ్మెటలు ఎక్కాయి. చివరికి పిల్లలూ ఆడవాళ్లూ ఎక్కారు. తిప్పన్న కింద నిలబడి అక్క చెయ్యి పట్టుకున్నాడు.

"కోపం లేదక్కా. నువ్వు గూడ రా. పెద్ద గుట్టంట. ఒక్కదానివే ఈడ ఏం జేస్తవు?"

"మా ఊరు ఇడిసి నేనేడికొస్తర?" అంది జయమ్మ.

తిప్పన్న మూట తీసుకుని లారీ ఎక్కాడు. జయమ్మ ఎన్ని ఊళ్లు విడిచినా, ఎప్పుడూ లారీ మీద కూర్చుని వెనక్కి చూసింది తనే. ఏ ఊళ్లోనూ వాళ్లను సాగనంపడానికి మనిషన్నవాడు రోడ్డు మీదికి రాలేదు. లారీ కదిలి బురదలో ఊగుతూ పోతుంటే పిల్లలు చేతులూపారు. జయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ, రెండో చెయ్యి పైకెత్తి, వాళ్లు మలుపు తిరిగేదాకా ఊపుతూనే నిలబడింది.